బ్రేకులు చూసి కొన్న బండి

మా బావ దినాల భోజనాల్లో నా పక్క విస్తరి ముందు కూర్చున్నాయన పప్పు కలుపుకుంటూ, "మంచోడే పాపం. గని బ్రేకుల్లేని కారు కొన్న మనిషి" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. నేను కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేశాను. ముప్పై ఏళ్ళకు పైగా ఈ మాట వింటున్నాను. పెళ్ళిళ్ళలో విన్నాను, పంచాయితీల్లో విన్నాను, చివరికి ఆయన సొంత మనవరాలి నోటా విన్నాను. ఎవరన్నా సరే, బావ తల వంచుకుని, బుగ్గనున్న లవంగాన్ని ఇటునుంచి అటు మార్చుకుని, "అవు, మోసపోయిన" అనేవాడు. పక్కన నేను పళ్ళు బిగబట్టి కూర్చునేవాణ్ణి. నోరు విప్పనని ఆయనకు మాటిచ్చాను మరి. ఇప్పుడు ఆయన లేడు. ఆయన అన్న లేడు. కట్టెల బండి నర్సిమ్లు కూడా లేడు. ఇంకా ఎవరి కోసం ఊరుకోవాలి?

బావ అంటే మా అక్క భర్త. మేడ్చల్‌కూ షామీర్‌పేటకూ నడుమ ఒక ఊళ్ళో దొరల ఇంటి చిన్న కొడుకు. ఆ ఇంటిని అందరూ గడి అనేవారు. గడిలో గొంతెత్తి మాట్లాడే హక్కు ఆయన అన్న పెద్దదొర ఒక్కడిదే. మిగతావాళ్ళు దగ్గడానికి కూడా పెరట్లోకి వెళ్ళేవారు. మా బావయితే అన్న ఎదురుగా నిలబడ్డప్పుడు ఊపిరి కూడా పొదుపుగా తీసుకునేవాడు. వారమంతా ఆయనకు కుటుంబం భూముల వ్యాజ్యాల పని. పొద్దున్నే మేడ్చల్ స్టేషన్లో రైలెక్కి పట్నం కచేరీలకు పోవడం, వకీళ్ళ వసారాల్లో పడిగాపులు కాయడం, చీకటి పడ్డాక తిరిగి రావడం. శుక్రవారం నిజాం కచేరీలకు సెలవు. ఆ ఒక్క రోజూ ఆయన సొంతం.

ఆ సొంత రోజు కోసం ఆయనకు ఒక్కటే కోరిక. ఉరికే కారు కావాలి. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పనికొచ్చే పెద్ద కారు కాదు, పందేల్లో పరుగెత్తేలాంటిది. అప్పుడే పెద్ద యుద్ధం అయిపోయింది. తిరుమలగిరి, బొల్లారంలలో తెల్ల అఫ్సర్లు సామాన్లు సర్దుకుని ఇళ్ళకు బయల్దేరుతున్నారు, వాళ్ళ కార్లు మనవాళ్ళకు అమ్ముడవుతున్నాయి. షామీర్‌పేటలో ఖాసిం సాబ్ అని గుర్రాల దలాలు ఉండేవాడు. గుర్రాల బేరం తగ్గి కార్ల బేరంలోకి దిగాడు. మాట మాత్రం మార్చుకోలేదు. "దొరా, దీని వయసు జూడకున్రి, దమ్ము జూడున్రి. దానా తక్కువ తింటది, హవా లెక్క పోతది" అని బానెట్టు మీద గుర్రం మెడను నిమిరినట్టు నిమిరేవాడు.

బావ ఆ మాటలు వినేవాడు కాదు. ధోవతి పైకి చెక్కుకుని కారు కింద దూరి వెల్లకిలా పడుకునేవాడు. గొడుగు కర్ర ఒక కొస ఇంజనుకు, ఇంకో కొస చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఇంటికొచ్చాక అక్క ఆ ధోవతిని రెండు వేళ్ళతో పట్టుకుని, "వకీళ్ళ దగ్గరికి పోయొచ్చిన ధోవతేనా ఇది? మడ్డిల పొర్లిన బర్రె గూడ ఇంతకంటె తెల్లగుంటది" అనేది. ఆయన ముసిముసిగా నవ్వి ఊరుకునేవాడు.

ఆయనకో పిచ్చి ఉంది. దేన్ని కొన్నా అది ఎలా ఆగుతుందో ముందు చూస్తాడు. సైకిలైనా అంతే, సవారీ గుర్రమైనా అంతే. "ఉరుకుడు దేనికైనా వస్తది బామ్మర్దీ. ఆగుడు జూడాలె" అనేవాడు. ఒక నవాబు కొడుకు అమ్మకానికి పెట్టిన పొడవాటి వెండిరంగు కారును మొదట చూశాం. దాని చప్పుడుకు రోడ్డు పక్క మేకలు తాళ్ళు తెంపుకున్నాయి. ఖాసిం సాబ్ వాహ్వా అన్నాడు. నేను ఆ వేగానికి గుడ్లప్పగించాను. బావ బ్రేకు వేసి చూశాడు. అది ఆగింది గానీ ఆగుతూ ఆగుతూ కుడికి ఈడ్చింది. "వద్దు" అని దిగిపోయాడు. ఇంకోటి చూశాం, ఇంకోటి చూశాం. ఖాసిం సాబ్‌కు విసుగొచ్చింది. నాకూ వచ్చింది, నిజం చెప్పాలి కదా.

చివరికి తిరుమలగిరిలో ఒక కెప్టెన్ దగ్గర ఆకుపచ్చ బండి దొరికింది. పైకప్పు లేదు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక డిక్కీ తెరిస్తే ఇంకొకడు ముడుచుకుని కూర్చోవచ్చు. సైకిలుకున్నట్టు చువ్వల చక్రాలు. బావ నన్ను బొల్లారం దిగువన నిలబెట్టి, "తువ్వాలు రోడ్డు మీద ఎయ్యి, నువ్వు పక్కకు జరుగు" అన్నాడు. ఎత్తు మీంచి ఆ బండి వస్తుంటే నా కాళ్ళు వాటంతటవే ఇంకా పక్కకు జరిగాయి. తువ్వాలు ముందు అది నిటారుగా, వంకర లేకుండా ఆగింది. బావ దిగి చక్రానికీ తువ్వాలుకూ మధ్య నేలను చూశాడు. "ఇదే" అన్నాడు. నాకు తెలిసి ఆయన జీవితంలో తానై, ఎవర్నీ అడక్కుండా, ఎంచుకున్న వస్తువు అదొక్కటే. పెళ్ళి కూడా అన్న చూసి చేసిందే.

పెట్రోలు చీట్ల మీద దొరికే కాలం. వారమంతా కూడబెడితే శుక్రవారం ఒక పూటకు సరిపోయేది. మేడ్చల్ మీదుగా కొంపల్లి దాకా వెళ్ళి రావాలని మొదటి శుక్రవారం బయల్దేరాం. ఊరు దాటామో లేదో గొడవ మొదలైంది.

అప్పటి వాడుక తెలియనివాళ్ళకు చెప్పాలి. దొర ఎదురైతే బండి మీద ఉన్నవాడు బండి దిగాలి. చెప్పులు విడవాలి. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని వంగి దండం పెట్టాలి. దొర గుర్రబ్బండిలో వచ్చినన్నాళ్ళూ అది సాగింది. గుర్రబ్బండి వచ్చేలోపు ఎడ్లను నిలిపి, పగ్గం చేతికి చుట్టుకుని దిగడానికి కావలసినంత టైముండేది. ఈ కారు మలుపులో కనబడి కళ్ళు మూసి తెరిచేలోపు మీదికొచ్చేస్తుంది. పైగా పైకప్పు లేదాయె, లోపలున్నది చిన్నదొరని అల్లంత దూరం నుంచే తెలిసిపోతుంది. దాంతో బండివాడు పగ్గాలు వదిలేసి కిందికి దూకుతాడు. ఎడ్లు ఇంజను చప్పుడుకు బెదురుతాయి. పట్టుకునేవాడేమో రోడ్డు పక్కన వంగి దండం పెడుతుంటాడు.

ఆ రోజు ఒక వంకాయల బండి అలాగే కందకంలో పడింది. బండి మీద కూర్చున్న ముసలమ్మ చెయ్యి విరిగింది. మా బావ పరుగెత్తుకెళ్ళి ఆమెను లేపబోతే, ఆమె విరిగిన చెయ్యి పక్కన పెట్టి, రెండో చెయ్యి నుదుటికానించి, "బాంచెన్ దొరా, మాదే తప్పు" అంది. బావ ముఖం పాలిపోయింది. ఆమెను తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, ఎద్దుబండి నడకన మేడ్చల్ దవాఖానాకు తీసుకెళ్ళాడు. నేను వెనక నడిచాను.

తర్వాతి వారం ఆయనకో ఉపాయం తట్టింది. కెప్టెన్ వదిలేసిన ఖాకీ కోటు, టోపీ, నల్లద్దాలు పెట్టుకుని బయల్దేరాడు. జనం ఆయన్ని గుర్తుపట్టలేదు. గోరా సోల్జరు అనుకుని జొన్నచేలల్లో పడి పారిపోయారు. పేట్ బషీరాబాద్ దాకా రోడ్డు మీద పురుగు లేదు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. కోటు విప్పి నా మీద పడేశాడు.

ఇక ఒకటే దారి మిగిలింది. సాయంత్రాలు రైలు దిగి నేరుగా ఇంటికి రాకుండా, బండ్లవాళ్ళ దగ్గరికి తానే నడుచుకుంటూ వెళ్ళేవాడు. "ఈ కారొస్తె దిగకున్రి. పగ్గాలు పట్టుకోని గట్టిగ కూసోన్రి" అని చెప్పేవాడు. వాళ్ళు "అట్లనే దొరా" అనేవారు. శుక్రవారం మళ్ళీ దూకేవారు. వాళ్ళ తప్పు కాదు. అంతకు ముందు ఎండాకాలం ఒకడు చెప్పులు విడవలేదని పెద్దదొర వాణ్ణి గడి ముందు వంగబెట్టి వీపు మీద బండరాయి పెట్టించాడు. మధ్యాహ్నం దాకా అలాగే ఉంచాడు. వాడు తర్వాత సరిగా నిలబడలేకపోయాడు. నల్లగొండ వైపు జనం దొరలకు ఎదురు తిరుగుతున్నారని కబుర్లు వస్తున్నకొద్దీ పెద్దదొర దండాల విషయంలో ఇంకా పట్టింపుగా ఉండేవాడు. అలాంటప్పుడు దిగొద్దని చిన్నదొర చెబితే ఎవడు నమ్ముతాడు?

నర్సిమ్లు ఒక్కడు మాత్రం తిరిగి అడిగాడు. కూరగాయలూ కట్టెలూ తోలే బండి అతనిది. బక్కపలచని మనిషి, నలుగురు పిల్లలు.

"దిగకపోతె గడిల ఏమంటరో దొరా?"

"నేనే జెప్తున్న గద."

"మీరు జెప్తున్నరు. పెద్దదొర జెప్తలేడు."

బావ ఎద్దు మూపు మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత, "నీ మీద ఈగ వాలనియ్య. నా మాట" అన్నాడు.

ఆ శుక్రవారం నర్సిమ్లు దిగలేదు. పగ్గాలు బిగించి, మెడ నిక్కించి, ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ముఖమంతా చెమట. ఎడ్లు చెవులాడించి ఊరుకున్నాయి. మేం పక్కనుంచి గాలిలా వెళ్ళిపోయాం. ఆ రోజు బావ వేగం చూశాను. కొంపల్లి దాకా ఆయన గొంతెత్తి ఏదో పాడాడు. రాగం లేదు, తాళం లేదు, మాటలు గాలికి కొట్టుకుపోయాయి. ఆ మనిషికి అంత గొంతుందని నాకప్పటిదాకా తెలియదు.

ఆ ఆనందం ఎన్నాళ్ళో నిలవలేదు. పెద్దదొరకు ఒక శుక్రవారం షామీర్‌పేటలో పంచాయితీ పడింది. గుర్రం కుంటుతోంది. "నీ బండిల దించి రా" అన్నాడు తమ్ముడితో. పెద్దదొర ముందు సీట్లో కూర్చున్నాడు, నేను డిక్కీలో ముడుచుకున్నాను. బావ ఇంజను చాలూ చేసి కూడా వెంటనే బండి కదిలించలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఊరు దాటి షామీర్‌పేట బాట పట్టాక, దూరంగా కట్టెల బండి కనబడగానే అర్థమైంది. అది నర్సిమ్లుది.

బావ హారన్ కొట్టలేదు. వేగం తగ్గించాడు, మళ్ళీ పెంచాడు. ఏం చేసినా ఆ బండి దగ్గరపడుతూనే ఉంది. నర్సిమ్లు మా చప్పుడు విని వెనక్కి తిరిగి చూశాడు. ఆకుపచ్చ కారు కనబడింది. చెప్పినట్టే చేశాడు. పగ్గాలు బిగించి, ఎడ్లను పక్కకు తీసి, నిటారుగా కూర్చున్నాడు. ఇప్పుడతనికి భయం కూడా పోయింది. మేం పక్కకు రాగానే, బావ తనను చూస్తాడని కాబోలు, కొంచెం నవ్వాడు కూడా. నవ్వుతూనే పెద్దదొరను చూశాడు.

"ఆపు" అన్నాడు పెద్దదొర.

కారు ఆగలేదు.

"ఆపుమంటున్న. బండి దిగడా వాడు? నన్ను జూసి నవ్వుతడా?"

"ఆగుతలేదన్నా" అన్నాడు బావ. "బ్రేకులు పడ్తలేవు."

నేను డిక్కీ అంచు గట్టిగా పట్టుకున్నాను. అంతలోనే ఇందాకటి మలుపు గుర్తొచ్చింది. అక్కడ బ్రేకు ఎంత చక్కగా పడిందో, నా గడ్డం ముందు సీటుకు కొట్టుకుని ఇంకా మండుతోంది. బ్రేకులకు ఏమీ కాలేదు. బావ అన్నతో అబద్ధమాడుతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అన్న ముందు నోరెత్తని మనిషి.

"పడ్తలేవంటె ఏంది?"

"గట్టిగ పట్టుకో అన్నా."

ఆ తర్వాత బావ నడిపినట్టు కారు నడిపినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. వేగం పెరుగుతూ పోయింది. షామీర్‌పేట వచ్చింది, పోయింది. పంచాయితీ కోసం అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి దండాలు పెట్టేలోపు వెనకబడిపోయారు. చెరువు కట్ట మీదికెక్కాం. ఒక పక్క నిండా నీళ్ళు, ఇంకో పక్క లోతు. పెద్దదొర తలపాగా ఎగిరి నీళ్ళలో పడింది. ఆయన రెండు చేతులతో తలుపు పట్టుకుని ముందు తిట్టాడు, తర్వాత తమ్ముణ్ణి పేరు పెట్టి బతిమాలాడు, చివరికి కళ్ళు మూసుకుని "అవ్వా, అవ్వా" అన్నాడు. బావ రెప్ప వెయ్యలేదు. నాకు ఆయన మెడ ఒక్కటే కనబడుతోంది. అది కర్రలా బిగుసుకుపోయింది.

కట్ట దిగి, అవతలి ఎత్తు ఎక్కేటప్పుడు వేగం విడిచాడు. బండి తనంతట తానే మెల్లగా నిలిచింది. పెద్దదొర దిగి రోడ్డు మీద కూలబడ్డాడు.

"ఆ కట్టెల బండోడు" అన్నాడు పెద్దదొర, ఊపిరి అందగానే.

బావ ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. "వాడు దిగితె మనం ముగ్గురం ఉండకపోతుంటిమి అన్నా. ఎడ్లు బెదిరి అడ్డమొస్తుండె. దిగకుండ కూసోని పక్కకు గుంజిండు గాబట్టి బతికినం."

పెద్దదొర తమ్ముడి ముఖంలోకి చూశాడు. ఎంతసేపు చూశాడో. బావ కూడా చూపు తిప్పుకోలేదు. నేను చెరువు వైపు తిరిగాను. నా ముఖం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

"అట్లనా" అన్నాడు పెద్దదొర చివరికి. "ఈ బండి రేపు మన ఇంట్ల ఉండొద్దు."

"సరే అన్నా."

ఆయన ఇక ఆ కారు ఎక్కనన్నాడు. వెనకాల పరుగున వచ్చిన షామీర్‌పేటవాళ్ళు ఎద్దుల కచ్చురం బండి కట్టి ఆయన్ని తీసుకెళ్ళారు. వాళ్ళు కనుమరుగయ్యాక బావ సీటు కిందినుంచి పానా తీశాడు. ధోవతి చెక్కుకుని కారు కింద దూరాడు.

"ఏం జేస్తున్నవ్ బావా?"

"రేపు ఖాసిం సాబ్ కారు తీస్కపోనీకి వస్తడు, మా అన్న ముంగటనే నడిపి జూస్తడు. అప్పుడు బ్రేకులు పడితె?"

ఆ ఎండలో, ఆ దుమ్ములో, ఊరూరూ తిరిగి ఏ బ్రేకుల కోసం ఆ బండిని ఎంచుకున్నాడో, ఆ బ్రేకుల కేబుళ్ళను ఒక్కొక్క చక్రం దగ్గరా తన చేత్తో సడలించాడు. బయటికొచ్చాక పెడలు నొక్కి చూశాడు. అది అడుగుదాకా మెత్తగా దిగిపోయింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మడ్డి చేతులాయె, ముఖమంతా అయింది. నాకు దుఃఖం ఆగలేదు. ఇది ఎవరికీ చెప్పనని అక్కడే ఆయనకు మాటిచ్చాను.

ఆ బండిని ఇంటికి తేవడం ఇంకో కథ. ఇప్పుడు నిజంగానే ఆగదు. చిన్న గేరులో, నడిచే మనిషి వేగంతో నడిపాడు. నేను ఒళ్ళో ఒక రాయి పెట్టుకుని, దిగుడు వచ్చినచోటల్లా కిందికి దూకి చక్రం కింద పెడుతూ వచ్చాను. కట్ట మీద ఒకచోట రాయి జారింది. బండి నీళ్ళ వైపు ఒరిగి, ఏ దేవుడు చల్లగా చూశాడో, రాళ్ళ గుట్టకు తగిలి నిలిచింది. "నువ్వు దిగి నడువు" అన్నాడు బావ. నేను దిగలేదు.

మర్నాడు ఖాసిం సాబ్ వచ్చి గడి ముందు పెడలు నొక్కి, "తోబా తోబా" అని చెంపలేసుకున్నాడు. పెద్దదొర అరుగు మీంచి, "తిరిగి తిరిగి ఎంత మంచి బండి తెచ్చిండో మావోడు" అని నలుగురూ వినేలా నవ్వాడు. అదే మొదటిసారి. బావ తల వంచుకుని, "అవు, మోసపోయిన" అన్నాడు. గేటు దగ్గర ఖాసిం సాబ్ చెవిలో మాత్రం కేబుళ్ళు బిగించుకోమని చెప్పాడు. ఖాసిం సాబ్ ఆయన్ని చూశాడు, అరుగు వైపు చూశాడు, సలాం చేసి బండి ఈడ్పించుకుపోయాడు. నర్సిమ్లు జోలికి ఎవరూ పోలేదు. పైగా పెద్దదొర అతనికి కొత్త తలగుడ్డ పంపించాడు.

ఆ తర్వాత శుక్రవారం బావ, నేను మేడ్చల్‌కు నడిచి వెళ్తున్నాం. ఎదురుగా నర్సిమ్లు ఖాళీ బండి వచ్చింది. మమ్మల్ని చూడగానే దిగాడు. చెప్పులు విడిచాడు. కొత్త తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని వంగాడు.

బావ నడిరోడ్డు మీద ఆగిపోయాడు. "దిగొద్దన్న గద నర్సిమ్లూ."

"అది కారొస్తె గద దొరా" అన్నాడతను. "నడిసొస్తె దిగొద్దని మీరు జెప్పలే."

బావ బండి వైపు చెయ్యి చూపించాడు. "ఎక్కు" అన్నాడు.

"మీరు పోన్రి దొరా. మీరు పోయినంక ఎక్కుత."

"నువ్వెక్కినంకనే నేను పోత."

"ఎట్లెక్కుత దొరా, మీరు నిలబడ్డంక?"

ఇద్దరూ నిలబడ్డారు. ఒకరు కదిలితే ఇంకొకరు కదలాలి, ఎవరూ కదలరు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలో ఎడ్లకు విసుగొచ్చింది. వాటంతటవే బండిని మళ్ళించుకుని, గడ్డి దొరికే మేడ్చల్ సంత వైపు దౌడు తీశాయి. నర్సిమ్లు "ఓ ఓ" అని అరుస్తూ ఉరికాడు. బావ కూడా కచేరీ చెప్పులు అక్కడే వదిలేసి ధోవతి ఎత్తిపట్టుకుని ఉరికాడు. మొదట నర్సిమ్లు అందుకుని బండెక్కాడు. ఎక్కి, వెనక్కి చూసి, ఒక్క క్షణం జంకి, తర్వాత చెయ్యి చాచాడు. బావ ఆ చెయ్యి పట్టుకుని ఎక్కి పక్కన కూర్చున్నాడు. నా కోసం ఎవరూ ఆగలేదు. రోడ్డు మీద పడున్న రెండు జతల చెప్పులూ తీసుకుని నేను మేడ్చల్ దాకా నడుచుకుంటూ వెళ్ళాను.